నీళ్లెటు పోయాయి?

హీటెక్కిన బండికి నీళ్లు పోయడం అందరికీ తెలిసిన వైద్యమే. మొయినాబాద్, చేవెళ్ల దారిలో బానెట్ ఎత్తి నిలబడ్డ కారు మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతుంది.

2024 ఏప్రిల్ 19, శుక్రవారం. చిలుకూరు బాలాజీ గుడిలో బ్రహ్మోత్సవాల వేళ. సంతానం కోరుకునేవారికి గరుడ ప్రసాదం పెడతారన్న కబురు అప్పటికే ఫోన్ల నిండా తిరిగింది. పొద్దు పొడవకముందే హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరాయి. ఎండెక్కేసరికి మొయినాబాద్ వైపు వెళ్లే దారులు కిలోమీటర్ల పొడవున బిగుసుకుపోయాయి.

జనం పడ్డ అవస్థ టీవీల్లో కనబడింది. బానెట్ల కింద జరిగేది కెమెరాలకు అందదు. నిలబడ్డ కారుకు ఎదురుగాలి ఉండదు. కింద తారు కాలుతుంటుంది, ముందున్న బస్సు తన వేడినంతా వెనక్కి వదులుతుంటుంది, లోపల ఏసీ ఆగకుండా నడుస్తుంటుంది. ఆ ఏసీ కారులోంచి లాగిన వేడిని తెచ్చి పారబోసేది కూడా రేడియేటర్ ముఖం మీదే, దాని ముందున్న కండెన్సర్‌లో. ఇన్ని వేడులకూ దిక్కు ఒక్కటే, ప్లాస్టిక్ రెక్కల చిన్న ఫ్యాన్. దాని ఫ్యూజు కాలినా, రిలే మొరాయించినా కొద్ది నిమిషాల్లోనే వేడి చూపే ముల్లు ఎర్రగీతను ముద్దాడుతుంది.

అంత జాతరే జరగాలని లేదు. మామూలు ఆదివారం చాలు. అప్పా జంక్షన్ దగ్గర ఎక్కితే అజీజ్‌నగర్, మొయినాబాద్, కనకమామిడి, చేవెళ్ల, అక్కణ్నుంచి వికారాబాద్, అనంతగిరి కొండలు. ఫాంహౌస్‌కు పోయేవాళ్లు, చిలుకూరులో వీసా కోసం మొక్కుకునేవాళ్లు, కొండ మీద చల్లగాలి కోసం బయల్దేరినవాళ్లు అందరిదీ ఒకటే దారి. పాత పేరు బీజాపూర్ రోడ్డు, సర్కారు లెక్కలో 163వ నంబరు జాతీయ రహదారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు ఏళ్ల తరబడి రెండు వరుసలతోనే నెట్టుకొచ్చింది. నాలుగు వరుసలు చేయాలంటే ఇరుపక్కలా ఉన్న దాదాపు 900 మర్రిచెట్లు అడ్డమయ్యాయి. వాటిని కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఎండలో ఆవిరి కక్కే కారును నడిపించుకొచ్చి ఆ మర్రి నీడన ఆపినవాళ్లకు ఆ కేసు విలువ వేరే చెప్పక్కర్లేదు.

చేవెళ్ల ఎండకు ఇంకో జ్ఞాపకం ఉంది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర మొదలుపెట్టింది ఇక్కడినుంచే. అంత ఎండలో మనిషి నడవగలగడానికి కారణం చెమట. ఒంటి మీద తడి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. పోయిన నీళ్లకు బదులు మజ్జిగో మంచినీళ్లో పడుతూ ఉంటే చాలు, ఒళ్లు 37 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది.

తొలినాళ్ల మోటారు కారు కూడా ఇలా చెమట కార్చి బతికినదే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్‌కు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దాదాపు 106 కిలోమీటర్లు, మనకు హైదరాబాద్ నుంచి తాండూరు ఎంతో ఇంచుమించు అంత. ఆ ఇంజన్‌ను చల్లబరిచేది మరిగి ఆవిరైపోయే నీళ్లే. అందుకని బావి కనిపిస్తే బావి, వాగు కనిపిస్తే వాగు, ఆగి నీళ్లు పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. ప్రపంచంలో మొదటి దూరప్రయాణం చేసిన డ్రైవరమ్మకు కూడా నీళ్ల క్యానే ప్రాణం.

ఆ చెమట బాధను తప్పించినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1901 నాటి మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారుకు ఆయన తేనెపట్టులాంటి రేడియేటర్ పెట్టాడు. 8,070 చిన్న గొట్టాలు, వాటి లోపలినుంచి గాలి. ఆ కారుకు తొమ్మిది లీటర్ల నీళ్లు సరిపోయాయి. అవే నీళ్లు తిరిగి తిరిగి వస్తాయి. ఇప్పటి చిన్న కార్లలో నాలుగైదు లీటర్లే ఉంటాయి, అదీ మూత బిగించి, గాలి కూడా చొరబడకుండా.

ఇక్కడే మన అలవాటుకూ మన కారుకూ చెడింది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ మన రోడ్లను ఏలిన కాలంలో పొద్దున్నే మూత తీసి నీళ్లు పోయడం, డిక్కీలో క్యాను పెట్టుకోవడం బుద్ధిమంతుడి లక్షణం. ఎక్కువైన నీళ్లు రోడ్డు పాలయ్యేవి, కాబట్టి మళ్లీ పోయాలి. పైగా ఆ రోజుల్లో ఎండకు ఆగిపోయిన ప్రతి అంబాసిడరూ హీటెక్కినది కాదు. పెట్రోలు పైపులోనే ఆవిరై దారి మూసేసిన సందర్భాలు బోలెడు. పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు కూర్చుంటే బండి కదిలేది. ఆ కదలికను చూసి నీళ్ల మీద జనానికి భక్తి ఇంకాస్త పెరిగింది.

ఇప్పటి కారులో నీళ్లు తరగకూడదు. నెలల తరబడి బానెట్ కింద ఉండే నీళ్ల బాటిల్ మీది గీత దగ్గరే ఉండాలి. తగ్గాయంటే ఎటో పోయాయన్నమాట. ఎటు పోయాయో చూడకుండా మళ్లీ నింపేస్తే దొంగ వదిలిన అడుగుజాడలను చీపురుతో ఊడ్చేసినట్టే. "బండి హీటెక్కుతోందన్నా, జర చూడు" అనగానే "నీళ్లు పోసినవా?" అని అడిగే మెకానిక్‌కూ, "ఎన్ని నీళ్లు పట్టినయి? ఎన్ని రోజులకు?" అని అడిగే మెకానిక్‌కూ తేడా అక్కడే తెలిసిపోతుంది. రెండో ఆయన దొరికితే వదలొద్దు.

అసలు ఎంత వేడి సంగతి ఇది? పెట్రోలు ఇచ్చే శక్తిలో చక్రాలకు చేరేది మూడోవంతు దాటడమే గొప్ప. ఇంకో మూడోవంతు పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలిన మూడోవంతును నీళ్లే మోయాలి. లీటరు పెట్రోలు లెక్కన ఆ వాటా ఇంచుమించు మూడు యూనిట్ల కరెంటు, ముప్పై అయిదు లీటర్ల చన్నీళ్లను సలసల మరిగించేంత. సిలిండర్‌లో మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోయే లోహం. కరగకుండా కాపాడేది ఆ నాలుగైదు లీటర్ల ప్రదక్షిణ. చిలుకూరులో కోరిక చెప్పుకునేటప్పుడు పదకొండు, తీరాక నూట ఎనిమిది. ఇంజన్ చుట్టూ నీళ్లకు ఆ లెక్క లేదు, తాళం తీసేదాకా తిరగాల్సిందే.

ప్రదక్షిణ చెడిపోయే తీరులు చాలానే ఉన్నా వాటి మూలాలు మూడు. నీళ్లు బయటికి కారిపోవచ్చు. ఉన్నా తిరగకపోవచ్చు. తిరిగినా వేడిని గాలికి ఇవ్వలేకపోవచ్చు. ఏది జరిగిందో చెప్పడానికి స్కానరు తగిలించేలోపే ఈ రోడ్డు సగం చెప్పేస్తుంది. మొయినాబాద్ సెంటర్లో, చిలుకూరు మలుపులో ఎక్కిన ముల్లు కనకమామిడి దాటి బండి వేగం అందుకోగానే దిగిపోయిందనుకోండి. ఎదురుగాలి తగిలితే నయమవుతోందంటే నీళ్లు ఉన్నాయి, తిరుగుతున్నాయి, గాలే కరువు. నేరుగా ఫ్యాన్ దగ్గరికి పోవచ్చు. దీనికి తిరగేసిన లక్షణం కూడా ఉంది. ఊళ్లో ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి, ఖాళీ రోడ్డు మీద 80, 90 వేగంలో పోతుంటే ముల్లు లేస్తే ఫ్యాన్‌ను అనుమానించి లాభం లేదు. అంత గాలి కొడుతున్నా చల్లబడలేదంటే రేడియేటర్ లోపల మూసుకుపోయి ఉండాలి, లేదా వాటర్ పంప్ తోయలేకపోతూ ఉండాలి, లేదా కింది హోస్ పైపు మెత్తబడి పంపు లాగే ఊపుకు చదునుగా అతుక్కుపోతూ ఉండాలి. ఇక ఇంటి గేటు దాటిన అయిదు నిమిషాలకే ముల్లు ఎగబాకితే థర్మోస్టాట్ తెరుచుకోలేదని మొదటి అనుమానం.

ఫ్యాన్ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేస్తే చాలా కార్లలో కొద్ది క్షణాల్లోనే ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరిగి, ఇంజన్ వేడికి తిరగకపోతే మోటారు మంచిదే, వేడిని పసిగట్టే సెన్సర్‌ది తప్పు కావచ్చు. దేనికీ తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే. ఫ్యూజు డబ్బాలో హారన్‌కో లైట్‌కో అదే నంబరు రిలే ఉంటే రెండూ తారుమారు చేసి చూడటం రోడ్డు పక్క మెకానిక్‌ల పాత చిట్కా. పైసా ఖర్చు లేదు. వేలు మాత్రం రెక్కల దగ్గర పెట్టొద్దు. తాళం తీసేశాక కూడా కొన్ని కార్లలో ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది.

గాలి దారి మూసుకుపోవడం కూడా వ్యాధే. ఈ సంగతి కారు యజమానుల కన్నా చేవెళ్ల రైతుకు బాగా తెలుసు. ట్రాక్టరుతో నూర్పిడి చేసినవాడు రేడియేటర్ జాలిలో ఇరుక్కున్న పొట్టు, ఆకులు, ధూళి దులపకుండా మర్నాడు బండి తీయడు. కారు ముక్కు కింద ఏం చేరిందో ఎన్నడూ వంగి చూడనివారు మాత్రం ఎందరో. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో తూనీగలు, గింజలు, బురద కలిసి దుప్పటి కప్పినట్టు పేరుకుంటాయి. కడిగేటప్పుడు మామూలు నీళ్ల పైపుతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే కాగితాల్లాంటి ఫిన్స్ ఒరిగిపోయి, ఉన్న గాలి దారి కూడా పోతుంది.

రేడియేటర్ లోపలి సంగతికొస్తే ఈ నేల గురించి మాట్లాడుకోవాలి. రంగారెడ్డి జిల్లా అడుగున గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనంతో, కాఠిన్యంతో ఉంటాయి. పప్పు ఉడకని నీళ్లు, గీజరు కాయిల్ మీద తెల్లగా పెచ్చు కట్టే నీళ్లు. అవే నీళ్లను ఎనభై, తొంభై డిగ్రీల ఇంజన్లో తిప్పితే ఏమవుతుంది? గీజరులో కట్టిన పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. గొట్టం లోపలి సందు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. సున్నం పొర అల్యూమినియం కన్నా దాదాపు వంద రెట్లు తక్కువగా వేడిని దాటనిస్తుంది. బయట చెయ్యి పెడితే చల్లగా తగిలే చోట లోపల దారి మూసుకుపోయి ఉంటుంది. ఇంజన్ వెచ్చబడ్డాక రేడియేటర్ ముఖమంతా ఒకే తీరుగా కాకుండా అక్కడక్కడ చల్లటి మచ్చలు ఉంటే అవే గుర్తులు. చేతితో కంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడటం క్షేమం.

రాగి, ఇత్తడి రేడియేటర్ల కాలంలో పై ట్యాంకు ఊడదీసి సన్నటి ఊచలతో గొట్టాలు పొడిచి మళ్లీ అతికేవారు. అల్యూమినియం ఒంటికి ప్లాస్టిక్ ట్యాంకు నొక్కి బిగించిన ఇప్పటి వాటికి ఆ సేవ పనికిరాదు. తేలికపాటి పెచ్చు అయితే ఫ్లషింగ్‌తో కొంత పోతుంది, లేదంటే కొత్తది పెట్టుకోవాలి. మధ్యేమార్గంగా మన దగ్గర కారే రేడియేటర్‌లో పసుపు వేసే ఆచారం కూడా ఉంది. గాయానికి రాసినట్టే! చిన్న చిల్లును నిజంగానే పూడుస్తుంది కూడా. చిల్లు ఏది, గొట్టం ఏది అన్న తేడా పసుపుకు తెలియదు కాబట్టి గొట్టంలోనూ పేరుకుంటుంది.

అందుకే కూలెంట్. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కదా, రంగునీళ్లకు డబ్బులెందుకు అనే వాదన ఈ దారి టీ కొట్ల దగ్గర తరచూ వినిపించేదే. చలి సంగతి వదిలేసినా దానికి ఇంకో రెండు పనులున్నాయి. ఒకటి, తుప్పు, పెచ్చు పట్టకుండా చూడటం. రెండోది, ఆలస్యంగా మరగడం. సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున్న ఈ ప్రాంతంలో మామూలు నీళ్లు 98 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇథైలీన్ గ్లైకాల్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపితే ఆ హద్దు ఏడెనిమిది డిగ్రీలు పైకి జరుగుతుంది. పెట్రోల్ బంకుల్లో బ్యాటరీ వాటర్ పేరుతో అమ్మేదే ఈ డిస్టిల్డ్ వాటర్. సీసా మీద 'నీళ్లు కలపొద్దు' అని ఉంటే అది ముందే కలిపినది, మళ్లీ పలచన చేయకూడదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్న రంగులు కంపెనీల ఇష్టం, రంగు ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కాదు. రెండు జాతులు కలిస్తే కొన్నిసార్లు జావలా చిక్కబడతాయి. మాన్యువల్‌లో రాసినదాన్నే పోయడం మేలు.

ఇంకో మాట. ఇథైలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పసిపిల్లల దగ్గుమందు విషాదాల్లో పేరు వినిపించిన డైఇథైలీన్ గ్లైకాల్‌కు ఇది దాయాది. రోడ్డు పక్కన గుంటలో వదిలేసిన పాత కూలెంట్‌ను కుక్కో మేకో నాకితే దాని కిడ్నీలు పోతాయి. డబ్బాలో పట్టించి తీసుకెళ్లడం పెద్ద పనేం కాదు.

మరిగే హద్దును ఇంకా పైకి నెట్టేది రేడియేటర్ మూత. చూడటానికి సీసా మూతలా ఉంటుంది కానీ అది స్ప్రింగున్న వాల్వు. దాని మీద 0.9, 1.1 లాంటి అంకెలుంటాయి. లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా అంత ఎక్కువయ్యేదాకా బిగబట్టి ఉంచుతుందని అర్థం. మన వంటింటి కుక్కరు సూత్రమే. ఆ ఒత్తిడిలో కూలెంట్ 120 డిగ్రీలు దాటినా మరగదు. స్ప్రింగు బలం తగ్గితే, రబ్బరు ఎండిపోతే మరుగు మొదలై నీళ్లు బాటిల్‌లోకి, అక్కడినుంచి రోడ్డు మీదికి పోతాయి. కొన్ని వందల రూపాయల మూత మార్చకుండా వేల రూపాయల రేడియేటర్ మార్చిన ఉదంతాలు ప్రతి షెడ్డులోనూ వినొచ్చు. మూత మంచిదైనప్పుడు దాని ప్రమాదం కూడా కుక్కరుదే. వేడి మీద తిప్పితే 110 డిగ్రీల నీళ్లకు ఒక్కసారిగా ఒత్తిడి పోయి, ఉన్నపళాన ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. తడిగుడ్డ వేసి తిప్పితే ఏమీ కాదన్న ధైర్యం ఉన్నవారు కాలిన గాయాల వార్డుకు ఒకసారి వెళ్లి చూడాలి.

థర్మోస్టాట్ కథ వేరు. ఎన్నో షెడ్డుల్లో దీనికి మరణశిక్ష ముందే రాసిపెట్టి ఉంటుంది. "ఎండల దేశంల ఇదెందుకు సార్, పీకేస్తే బండి చల్లగుంటది" అంటారు. మైనంతో నడిచే ఈ థర్మోస్టాట్ 1930లలో వచ్చిన ఉపాయం. చిన్న లోహపు గుళికలో మైనం, ఆ మైనం 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఎక్కడో కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది, అప్పుడు నీళ్లు రేడియేటర్ వైపు వెళ్తాయి. అంతదాకా ఇంజన్‌లోనే తిరుగుతూ త్వరగా వెచ్చబడతాయి. దీన్ని పీకేస్తే బండి చల్లగా ఉండటం నిజమే, మరీ చల్లగా. ఇంజన్ ఇంకా వెచ్చబడలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆరదు, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో ఇంకా విచిత్రం. తెరుచుకున్న థర్మోస్టాటే పక్కదారిని మూయాలి. అది లేకపోతే కొన్ని నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగొచ్చేస్తాయి, హైవే మీద బండి ఇంకాస్త హీటెక్కుతుంది. అనుమానం ఉంటే ఊడదీసి గిన్నెలో నీళ్లు మరిగించి, దారంతో వేలాడదీసి చూడొచ్చు. వాల్వు నోరు తెరిస్తే మంచిది, తెరవకపోతే కొత్తది వేయాలి. గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

పోయిన నీళ్ల జాడలు వెతకడానికి కళ్లు, ముక్కు చాలు. హోస్ క్లిప్పుల దగ్గర ఎండిన తెల్లటి, పచ్చటి చారలు. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోయిందని చెప్పడానికే దాన్ని పెట్టారు, అక్కడ మరక ఉంటే పంపుకు రోజులు దగ్గరపడ్డట్టే. కాలి దగ్గర కార్పెట్ తడిసి, అద్దాలకు జిడ్డు పొగమంచు పట్టి, తియ్యటి వాసన వేస్తే డాష్‌బోర్డు లోపలి హీటర్ కారుతోంది.

ఇవేవీ లేవు, కింద చుక్క తడి లేదు, అయినా వారానికి అరలీటరు మాయమవుతోంది. షెడ్డులో అందరూ కాసేపు మాట్లాడటం ఆపే ఘట్టం ఇదే.

హెడ్ గ్యాస్కెట్. కిందున్న బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య పలుచటి రేకు. ఒక పక్క మంట, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఆయిల్. మూడూ కలవకుండా చూడటమే దాని పని. ఇంజన్ ఒకసారి గట్టిగా హీటెక్కితే అల్యూమినియం హెడ్, కింద ఇనుప బ్లాకు ఉంటే దానికన్నా చాలా ఎక్కువగా వ్యాకోచిస్తుంది, బోల్టుల మధ్య వంగుతుంది. చల్లారాక ఆ వంపు పూర్తిగా పోదు. చాలా ఇంజన్లకు ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్లు, తల వెంట్రుక మందం కన్నా తక్కువ. అది దాటితే మంట నీళ్లలోకి, నీళ్లు సిలిండర్‌లోకి దారి చేసుకుంటాయి. పొద్దున్నే స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోసు రాయిలా గట్టిపడటం, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, సైలెన్సర్‌లోంచి ఎండలో కూడా తెల్లటి తియ్యని ఆవిరి, ఆయిల్ మూత తీస్తే పాలు పోసిన కాఫీ రంగు. అన్నీ ఒకేసారి కనిపించాలని లేదు. రేడియేటర్ మూతి దగ్గర నీలిరంగు ద్రవమున్న గొట్టం పెట్టి గాలి పీల్చే పరీక్ష ఒకటుంది. సిలిండర్ పొగలోని కార్బన్ డైఆక్సైడ్ తగిలితే నీలం పసుపుగా మారుతుంది. హెడ్ విప్పాలని చెప్పే మెకానిక్‌ను ఈ పరీక్ష చేసి చూపించమనడం మర్యాద తప్పిన పనేమీ కాదు.

విప్పాక చేసే పనిలోనే ఎక్కువమంది మోసపోతారు, మెకానిక్‌లతో సహా. గ్యాస్కెట్ మార్చి హెడ్ బిగించేస్తే బండి నెల తిరుగుతుంది, మళ్లీ వస్తుంది. హెడ్ మీద వంకర లేని స్కేలు పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి వంపు కొలవాలి. ఎక్కువుంటే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. పగుళ్ల కోసం ప్రెషర్ టెస్టు చేయించాలి. సాగే రకం బోల్టులైతే కొత్తవి వేయాలి. మధ్య నుంచి అంచులకు, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పిన వరుసలో బిగించాలి. ఇవన్నీ చేసినా, మొదట హీటెక్కించిన ఆ ఫ్యూజునో ఆ మూతనో అలాగే వదిలేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. గ్యాస్కెట్ హంతకుడు కాదు, హతుడు.

ముల్లును కూడా పూర్తిగా నమ్మలేం. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లన్నీ పోతే అది ఉత్త గాలిని కొలుస్తూ, లోపల హెడ్ వేగిపోతుంటే ముల్లును చల్లగా కిందికి దించేయగలదు. చాలా కొత్త చిన్న కార్లలో ముల్లే తీసేశారు, చల్లగా ఉన్నప్పుడు నీలి దీపం, మితిమీరితే ఎర్ర దీపం. ఆ రెంటి మధ్య ఏం జరుగుతోందో డ్రైవర్‌కు చెప్పేవాళ్లు లేరు. మొన్నటిదాకా కార్లలో ఉన్న ఒక మంచి వస్తువును తీసేసి అందం పేరు పెట్టడం కంపెనీలకే చెల్లింది.

దారి మధ్యలో ముల్లు లేస్తే మొదటి పని ఏసీ ఆపడం. రెండోది అద్దాలు దించి హీటర్ పూర్తిగా వేయడం. ఎండాకాలంలో పిచ్చి పనిలా ఉంటుంది కానీ డాష్‌బోర్డు లోపల ఉన్నది ఇంకో చిన్న రేడియేటర్, ఇంజన్ వేడిని కొంత అటు లాగేస్తుంది. ఆవిరి కనిపించినా, ఎర్రదీపం వెలిగినా ఇక ఊరు దగ్గరపడిందన్న ఆశ పెట్టుకోవద్దు. ఆ చివరి రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంగుతుంది. ఇంజన్ ఆపేయాలి.

ఎక్కడ ఆపాలన్నది మాత్రం ఇంజన్ కన్నా పెద్ద సంగతి. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి హీటెక్కిన కార్లతో సంబంధం లేదు. కానీ ఈ ఇరుకు దారిలో టిప్పర్లు ఎలా వస్తాయో అది చూపించింది. సగం తారు మీద, సగం మట్టిలో కారు ఆపి బానెట్ కింద తల దూర్చడం ఇక్కడ చేయదగ్గ పని కాదు. పెట్రోల్ బంకో, దాబా ముందరి జాగానో, పొలం బాట మలుపో చూసుకోవాలి. నాలుగు లైట్లూ వేసి, ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టి, మనుషులు దిగి రోడ్డుకు ఎడంగా నిలబడాలి. జాతీయ రహదారి కాబట్టి 1033కు ఫోన్ చేయొచ్చు. అరగంట, ముప్పావుగంట ఆగాక, హోసు చేతికి మెత్తగా తగిలాకే మూత. అప్పుడు చేతికి బోరు నీళ్లే దొరికితే అవే పోయొచ్చు, కొంచెం కొంచెంగా. షెడ్డుకు చేరాక వాటిని పూర్తిగా తీసేసి కూలెంట్ నింపించుకుంటే సరి. కాలుతున్న ఇంజన్ మీద బకెట్ చన్నీళ్లు కుమ్మరించడం మాత్రం ఎర్రగా కాగిన పెనం మీద నీళ్లు చల్లడమే.

బాగుచేయించిన కారును తీసుకునేటప్పుడు కూడా తొందరపడొద్దు. నీళ్లు నింపాక లోపల చిక్కిన గాలి బుడగ పోకపోతే కొత్త పంపు, కొత్త రేడియేటర్ ఉన్నా ముల్లు లేస్తుంది. కారు ముక్కు కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసి, హీటర్ వేసి, ఇంజన్ నడుపుతూ పై హోసును పిసుకుతూ పోతే బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తాయి, నీళ్ల మట్టం దిగుతుంది, మళ్లీ పోస్తారు. ఫ్యాన్ తనంతట తాను రెండుసార్లు తిరిగి రెండుసార్లు ఆగేదాకా చూడాలి. ఓపిక ఉన్న మెకానిక్ దీనికే అరగంట పెడతాడు. ఆ అరగంటకు డబ్బులు అడిగితే బేరమాడకుండా ఇచ్చేయొచ్చు.

ఆ తర్వాత పరీక్షకు చిలుకూరును మించిన చోటు లేదు. ఆదివారం పది గంటల వేళ ఏసీ వేసుకుని ఆ వరుసలో నిలబడితే చాలు. ముల్లు సగం దగ్గరే ఉంటుంది, బానెట్ కింద ఫ్యాన్ హోరుమని తిరిగి ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. గుడి దగ్గర కారు ఆపి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చేసరికి బానెట్ పైపైన చల్లారి ఉంటుంది. కానీ బాటిల్‌ను అప్పుడే చూడకూడదు. వేడి మీద నీళ్లు ఉబ్బి మట్టం అబద్ధం చెబుతుంది. మర్నాడు పొద్దున్న, తాళం పెట్టకముందు, బానెట్ ఎత్తి చూస్తే నిన్న బయల్దేరే ముందు స్కెచ్ పెన్నుతో గీసిన గీత, నీళ్ల అంచు ఒకదాని మీద ఒకటి ఉండాలి.